ముప్పై సెకన్లలో పట్టని అప్పా

ఆమె గొంతులోంచి నేను పదకొండు అప్పాలు తీసేశాను. హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఒక్కొక్కటీ వెతికి, ముందూ వెనకా గీత పెట్టి కత్తిరించి పారేశాను. పని అయ్యాక మళ్లీ మొదటి నుంచీ విని, అతుకు ఎక్కడా తెలియడం లేదని మురిసిపోయాను కూడా. ఆ మురిపెం గుర్తొస్తే ఇవాళ్టికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నా బతుకుతెరువే అది. అనంతపురంలో టవర్‌క్లాక్‌కు కాస్త దూరంలో, మిద్దె మీద ఒక చిన్న గదిలో రికార్డింగు చేస్తాను. బట్టల షాపు ప్రారంభం, తప్పిపోయిన మనిషి ప్రకటన, జాతర, ఎన్నికలొస్తే ఆటోల మీద ఊరూరా తిరిగే ప్రచారం, అన్నీ ఆ గదిలోనే తయారవుతాయి. ఒకే గొంతుతో పొద్దున ఒక పార్టీకి, మధ్యాహ్నం దాని ఎదుటి పార్టీకి జై కొట్టించిన రోజులున్నాయి. అడిగితే, గొంతు అద్దెది, జై మీది అనేవాణ్ని. నా దగ్గరికి వచ్చిన శబ్దం ఏదైనా సరే, దగ్గు, గుటక, పక్కింటి కుక్క, మాట మధ్యలో తడబాటు అన్నీ తీసేసి శుభ్రంగా ఇస్తాను. దాన్ని మేము ‘కడగడం’ అంటాం. కడగడంలో నన్ను మించినవాడు ఈ ఊళ్లో లేడని నాకు పెద్ద గర్వం.

ఆ ఎన్నికలకు ముందు ఒక రోజు, కాలేజీలో రాజకీయశాస్త్రం చెప్పి రిటైరైన సార్ ఒకాయన ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు. నేను ఆయన దగ్గర చదువుకోలేదు. ఊరంతా ఆయన్ని సార్ అంటుంది కాబట్టి నేనూ అంటాను. అభ్యర్థులు మైకుల్లో అరుస్తున్నారు, జనం ఎండలో నిలబడి విని బిర్యానీ పొట్లం తీసుకుని పోతున్నారు, మాట్లాడే వంతు జనానికి ఎప్పుడొస్తుంది అన్నది ఆయన బాధ. ఒక వాట్సాప్ నంబరు పెడదామన్నారు. ఊళ్లనుంచి జనం తమ గొంతుతోనే ప్రశ్నలు పంపుతారు. ఆదివారం సాయంత్రం యూట్యూబులో లైవ్ పెట్టి ఆ ప్రశ్నలు అభ్యర్థికి వినిపిస్తాం. ఆయన అక్కడికక్కడే జవాబు చెప్పాలి. చదువు రానివాళ్లు కూడా అడగొచ్చు, చెయ్యెత్తి నిలబడాల్సిన పని లేదు, పక్కన కార్యకర్త భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టే భయం లేదు.

నేను లోలోపల నవ్వుకున్నాను. అయినా ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, అరువు గొంతులతో జై కొట్టించి కొట్టించి నాకే మొహం మొత్తింది. ఒక్కసారైనా అసలు మనుషుల గొంతు నా గదిలోంచి బయటికి పోతే బాగుండుననిపించింది. ఆ మాట సార్‌తో అనలేదు, సిగ్గుపడి.

ముప్పై సెకన్ల నియమం నాదే. ఇది ఎవరి మీదికీ నెట్టలేను. ఆటో ఒక ఇంటి ముందు నుంచి దాటిపోయేలోపు ఎంత మాట వినపడుతుందో అంతే జనానికి ఎక్కుతుందని నా అనుభవం. అంతకు మించితే ఎవరూ వినరు సార్ అని గట్టిగా చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, ప్రశ్నకు ముప్పై సెకన్లు, జవాబుకు రెండు నిమిషాలు అని కాగితం మీద రాసుకున్నారు. అడిగేవాడికి ముప్పై, చెప్పేవాడికి నూట ఇరవై ఏమిటని అప్పుడు నాకు తట్టలేదు.

నంబరు బయట పెట్టగానే మెసేజీలు వచ్చి పడ్డాయి. సగం బూతులు. కొన్ని పార్టీ ఆఫీసుల్లో కూర్చుని రాసిచ్చినవి, చదువుతున్నట్టు ఇట్టే తెలిసిపోయేది. మిగిలినవాటి కోసం రోజంతా చెవులు అప్పగించి కూర్చునేవాణ్ని. శ్మశానానికి దారి లేదని ఒకాయన. పంటల బీమా జాబితాలో తన పేరు పక్క ఊరిలో పడిందని ఇంకొకాయన. ఆడవాళ్లవి మాత్రం చాలా తక్కువ. పంపేవాళ్లు, నేను వినేలోపే తుడిచేసేవాళ్లు. ‘ఈ మెసేజీ తీసివేయబడింది’ అన్న బూడిద రంగు గీత మాత్రం మిగిలేది.

సార్ అది చూసి దిగాలు పడ్డారు. మొదటి చర్చ మా ఊరు ఉన్న నియోజకవర్గానిదే కావడంతో, మీ ఊళ్లో ఎవరినైనా అడగవయ్యా అన్నారు. అప్పుడు నాకు ఆ అక్క గుర్తొచ్చింది.

ఆమె ఇల్లు మా పాత ఇంటికి మూడిళ్ల అవతల. ఊరి బళ్లో మధ్యాహ్న భోజనం వండుతుంది. పన్నెండేళ్లుగా అదే పని. ఉన్న నాలుగెకరాల్లో వేసిన బుడ్డలు, అదే వేరుశనగ, మంచి ఏడాదిలో ఇల్లు గడుపుతాయి, చెడ్డ ఏడాదిలో విత్తనం కూడా తిరిగి రాదు. మంచి ఏడాది ఎప్పుడొచ్చిందో చెప్పమంటే ఆమె వేళ్లు మడిచి ఆలోచించాలి. వానతో సంబంధం లేకుండా ఆమెకు ఉన్నది ఆ వంట పని ఒక్కటే. ఆ పని ఎవరి చేతిలో ఉంటుందో కూడా ఊళ్లో అందరికీ తెలుసు. పైన పార్టీ మారితే కింద వంటమనిషి మారడం మా దగ్గర కొత్త సంగతి కాదు. ఆమె ఇన్నేళ్లు నిలబడిందంటే ఎవరితోనూ తగువు పెట్టుకోకపోవడం వల్లనే.

ఫోను చేసి అడిగితే మొదట వద్దంది. ఆ తర్వాత బళ్లో కొళాయి సంగతి తనే ఎత్తింది. చెప్పుకుంటూ చెప్పుకుంటూ, ఇదంతా ఆయప్పకు, అదే పోటీలో ఉన్న పెద్దింటి అభ్యర్థికి, వినపడేటట్టు చెప్పొచ్చా అని అడిగింది.

"నా పనికేం కాదు కదప్పా?"

"నీ పేరు రాదక్కా. ఊరి పేరు గూడా రాదు. నాది పూచీ," అన్నాను.

సాయంత్రానికి వాయిస్ మెసేజీ వచ్చింది. నిమిషం దాటింది. మధ్యలో కోడి కూత, గిన్నె కిందపడిన చప్పుడు, ఏం చెప్పాలో వెతుక్కునే నిశ్శబ్దాలు ఉన్నాయి. అవి తీసేస్తే మాటలివి:

"ఏమప్పా, బాగుండావా? నేను ఇస్కూల్లో వంట చేసే ఆమెనప్పా. నువ్వు చిన్నప్పుడు మీ నాయన ఎంబడి మా ఊరికి వచ్చినావప్పా. మా ఇంట్లో రొట్టె తిన్నావప్పా. నీకు జ్ఞాపకం ఉండదులేప్పా, ఇంత పిల్లోనివి. మా ఇస్కూల్లో కొళాయి పెట్టిచ్చినారప్పా. ఫోటో గూడా తీసుకున్యారప్పా. నీళ్లు మాత్రం ఒక్క దినమన్నా రాలేదప్పా. రోడ్డు దాటి పోయి తోట్లో బోరు కాడ్నుంచి బిందెలు మోసుకొస్తాండామప్పా. పిల్లోల్లు తట్టలు యాడ కడుక్కోవల్ల? నువ్వు ఒక తూరి వచ్చి చూడప్పా. ఊరికే చెప్పి పోవద్దప్పా."

మా వైపు అప్పా లేకుండా మాట కదలదు. ఇది తండ్రిని పిలిచే అప్పా కాదు, తండ్రిని మేము నాయనా అంటాం. చంటివాణ్నీ అప్పా అంటాం, కలెక్టర్నీ అప్పా అంటాం. మా పల్లెల్లో పెద్దవాళ్లకు ‘మీరు’ అనడానికి నోరు తిరగదు. ఎంతటివాణ్నయినా నువ్వే అంటారు. ఆ నువ్వులో ఉండే కరుకును పక్కనున్న అప్పా మెత్తగా చేస్తుంది. అప్పా లేని నువ్వు మా ఊళ్లో దాదాపు తిట్టు. ఇది నాకు తెలియని సంగతా? ఆ మట్టిలోనే పుట్టాను, ఆ మాటతోనే పెరిగాను. కానీ నా ముందు తెర మీద ముప్పై సెకన్ల గీత ఉంది, ఆమె మాట దాన్ని దాటి పోయింది.

ముందు ‘వంట చేసే ఆమెనప్పా’ అన్న వాక్యం తీసేశాను, ఇచ్చిన మాట కోసం. తర్వాత పలకరింపు తీశాను. నీకు జ్ఞాపకం ఉండదులే అన్నది అనవసరమనిపించి తీశాను. తోట, తట్టలు, అంటే పిల్లల కంచాలు, పోయాయి; ‘మీ నాయన ఎంబడి’, ‘ఒక తూరి’ లాంటి చిన్న మాటలూ పోయాయి. ఇంకా పొడుగే. ఇక మిగిలినవి అప్పాలు. అవి తీయడం తేలిక కాదు. ‘వచ్చినావప్పా’లో ప్పా కోసేస్తే ‘వచ్చినావ’ అని గాల్లో వేలాడుతుంది. ఆమె వేరే చోట పలికిన ‘వు’ ఒకటి తెచ్చి ‘వచ్చినావు’ అని అతికించాను. ‘తిన్నావు’కూ అదే ‘వు’, మిగతావాటికీ అలాగే. సాలెవాడు దారం కలిపినట్టు కలిపాను. చివరికి ఇరవై ఎనిమిది సెకన్లకు వచ్చింది. రెండు సెకన్లు మిగిలాయని తృప్తి పడి టీ తాగడానికి కిందికి దిగాను.

ఆదివారం సాయంత్రం లైవ్. ఇద్దరు అభ్యర్థుల్ని పిలిస్తే ఒకాయన వచ్చే వారం చూద్దామన్నాడు, ఒకాయన ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాయన తండ్రి కాలం నుంచీ రాజకీయాల్లో ఉన్న ఇంటివాడు, చదువంతా బెంగళూరులో. తన ఇంట్లో కూర్చుని వీడియోలో కనపడ్డాడు, తెల్లచొక్కా, చేతులు కట్టుకుని. సార్ నా గదిలో కూర్చుని నడిపించారు. మొదటి రెండు ప్రశ్నలకూ ఆయన చక్కగానే జవాబు చెప్పాడు. మూడోది ఆమెది. నేనే బటన్ నొక్కాను.

"నువ్వు చిన్నప్పుడు మా ఊరికి వచ్చినావు. మా ఇంట్లో రొట్టె తిన్నావు. ఇస్కూల్లో కొళాయి పెట్టిచ్చినారు. ఫోటో తీసుకున్యారు. నీళ్లు రాలేదు. బిందెలు మోసుకొస్తాండాము. నువ్వు వచ్చి చూడు. ఊరికే చెప్పి పోవద్దు."

గదిలో స్పీకరులోంచి విన్నాను. హెడ్‌ఫోన్లో రెండు రోజులు విన్నప్పుడు లేని మనిషి ఎవరో అక్కడ మాట్లాడుతున్నది. రొట్టె పెట్టి లెక్క అడుగుతున్నది. వేలు చూపించి బెదిరిస్తున్నది. తెర మీద ఆయన మొహంలో నవ్వు ఆగిపోయింది. పెద్దమ్మ ఎందుకో చాలా కోపంగా ఉన్నట్టుంది అని, పైపులైను పథకం గురించి రెండు నిమిషాలు చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు, ఆయన్ని అనడానికి ఏమీ లేదు. ఆలోపే పక్కన కామెంట్లు పరుగులు తీయడం మొదలుపెట్టాయి. ఎవరీమె, అన్నను పట్టుకుని నువ్వంటుందా, ఎంత తీసుకుంది, ఎవరు నేర్పించారు.

మర్నాటికి ఆ ఇరవై ఎనిమిది సెకన్లు నా చేయి దాటిపోయాయి. ఆయన తరపువాళ్లు దాన్ని కోసి, మా నాయకుడికి జరిగిన అవమానం చూడండి అని పెట్టారు. ఎదుటివాళ్లు అదే ముక్కకు సినిమా మ్యూజిక్ కలిపి, పల్లె తల్లి నిలదీసింది చూడండి అని పెట్టారు. రొట్టె తిన్నావు, రొట్టె తిన్నావు అని మూడుసార్లు తిప్పి తిప్పి వేశారు. నీళ్ల సంగతి రెండు తరపుల వాళ్లూ తీసేశారు. నేను అప్పా తీస్తే, వాళ్లు కొళాయి తీశారు. పేరు దాచానని నేను ధైర్యంగా ఉన్నాను, ఎంత తెలివితక్కువవాణ్నో చూడండి. పన్నెండేళ్లుగా రోజూ మధ్యాహ్నం బడి వసారాలో నిలబడి పిల్లల్ని తిండికి పిలిచే గొంతు అది. ఆ ఊళ్లో ఆ గొంతు తెలియనిది ఎవరికి?

మంగళవారం హెడ్మాస్టరు ఆమెను పక్కకు పిలిచి, ఎన్నికలయ్యేదాకా రావద్దమ్మా అన్నాడట. తన చేతిలో ఏమీ లేదని కూడా అన్నాడట. బుధవారం నుంచి వేరే ఆమె వండింది.

ఆ రోజే ఆమె నాకు ఫోను చేసింది. తిడుతుందనుకుని మూడుసార్లు మోగనిచ్చాను. తిట్టలేదు. ఎవరి ఫోన్లోనో విన్నానని చెప్పి, ఒక్క మాట అడిగింది.

"నేను అప్పా అనలేదా?"

హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను.

"అంటినే. నాకు బాగా గుర్తుండాది. ఆడ వినపళ్లేదు."

"అన్నావక్కా. నేనే తీసేసినా."

"యాల తీసినావప్పా?"

టైము చాలలేదని చెప్పాను. బోరు మోటారు దూరంగా ఆడుతున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఆమె ఫోను పెట్టేసింది.

నేను వెంటనే సార్ ఇంటికి పోయాను. పూర్తి మెసేజీని ఉన్నదున్నట్టు పెట్టి, తప్పు మాదని చెబుదామన్నాను. సార్ చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఇప్పుడు మనం ఏది పెట్టినా ఒక తరపు మాట్లాడినట్టే అవుతుంది, మనం తటస్థంగా ఉండాలి అన్నారు. పౌరుల గొంతు వినిపించాలని నా మెట్లెక్కి వచ్చిన మనిషే ఆయన. నాకు ఒళ్లు మండింది. ఆ పౌరురాలికి ఇవాళ్టి నుంచి పొయ్యి లేదు సార్ అని లేచి వచ్చేశాను. ఆయన మీద అరిచాను గానీ, కత్తెర ఎవరి చేతిలో ఉండిందో నాకు తెలుసు.

నా సొంత ఖాతాలోనే పెట్టాను. కోడి కూత, గిన్నె చప్పుడు, పదకొండు అప్పాలు, ఏమీ కడగకుండా. ఇది అసలుది, లైవ్‌లో వచ్చింది నేను కత్తిరించినది అని కింద రాశాను. సాయంత్రానికి జవాబులొచ్చాయి. ఇది ఎడిటింగు, అప్పా తర్వాత అతికించారు అన్నాడొకడు. ఏఐతో చేయించారు, కోడి కూత కూడా ఫేకే అన్నాడు ఇంకొకడు. వాళ్లకు లైవ్‌లో విన్నదే నిజం. నా పనితనం అంత బాగా కుదిరింది మరి. ఇన్నేళ్లలో నా పనికి అంతకు మించిన మెప్పు రాలేదు. ఆ రాతలు చదువుతూ కూర్చుని, గదిలో ఒక్కణ్నే, ఏడ్చాను.

సార్ రెండో చర్చ పెట్టలేదు. వచ్చే వారం చూద్దామన్న అభ్యర్థి మళ్లీ మాట్లాడలేదు. ఆ వాట్సాప్ నంబరుకు కొన్నాళ్లు మెసేజీలు వస్తూనే ఉన్నాయి. నేను వినలేదు.

ఎన్నికలు అయిపోయాయి. ఎవరు గెలిచారన్నది ఈ కథకు అక్కర్లేదు. ఎన్నికలయ్యేదాకా అన్న మాట మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. జూన్లో బళ్లు తెరిచాక గుంతకల్లు బస్సెక్కి, దారిలో దిగి, మా ఊరికి నడిచాను. వాన లేదు. గాలికి దుమ్ము రోడ్డు మీద సుళ్లు తిరుగుతోంది. బడి ముందు నుంచే పోయాను. కొళాయి అలాగే ఉంది, దాని మూతికి ఎవరో గోనెపట్టా చుట్టారు. కొత్త వంటామె, చిన్న వయసు, బిందె చంకన పెట్టుకుని రోడ్డు దాటుతోంది.

అక్క ఇంటి ముందు చాప మీద కూర్చుని విత్తనపు బుడ్డలు వలుస్తోంది. అవి ఆమెవి కావు, వేరే వాళ్లవి, కూలికి. నన్ను చూసి లేచి, కొంగుతో చాప దులిపింది.

"రండి సార్, కూచోండి."

నేను నిలబడిపోయాను. పుట్టినప్పట్నుంచీ నన్ను అప్పా అన్న మనిషి. చిన్నప్పుడు జ్వరమొస్తే నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి.

"నన్ను సారంటావేందక్కా?"

"నా నోరు మంచిది కాదంట సార్," అంది, బుడ్డలు వలుస్తూనే. ఎగతాళి లేదు, కోపం లేదు. "ఇప్పుడు అందర్నీ మీరనే అంటాండ. పిల్లోల్లను గూడా. అదే మేలు."

అసలు మెసేజీ నా ఫోనులో దాచి ఉంచానని, ఎప్పటికైనా ఎవరికైనా వినిపిస్తానని చెప్పాను. ఎవరికి వినిపిస్తానో నాకే తెలియదు. ఆమె వద్దని తల ఊపింది. అది తీసేయండి సార్, ఎవరన్నా వింటే మళ్లీ ఏమొస్తుందో అంది. నేను ఆమె ముందే ఫోను తీసి, ఆ మెసేజీనీ, నా ఖాతాలో పెట్టినదాన్నీ తుడిచేశాను. ఆమె దగ్గరికి వంగి, పోయిందా అని చూసి, ఊరుకుంది.

బస్సు టైము చూసుకుని లేవబోయాను. ఎండన పడి వచ్చినారు, ఉండండి అని లోపలికి పోయింది. పళ్లెంలో జొన్నరొట్టె, పక్కన ఊరుబిండి పచ్చడి, చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది.

"తినండి సార్," అంది.

ఆమె ఇంట్లో నేను రొట్టె తిన్నాను.